గోడ పడింది, గచ్చు మిగిలింది

ధ్యాన పఠనం: ఎఫెసీ 2:11-22



బి సంవత్సరంలో సామాన్యకాలపు 16వ ఆదివారం వచ్చినప్పుడల్లా మనం పూజలో రెండవ పఠనంగా పునీత పౌలుగారు ఎఫెసీయులకు వ్రాసిన లేఖ వింటాం. యూదులకూ అన్యజనులకూ నడుమ అడ్డుగా నిలిచిన గోడను క్రీస్తు ప్రభువు తన శరీరంతోనే పడగొట్టారనీ, రెండు జనాలను ఒక్క జనంగా చేశారనీ ఆ పఠనం చెబుతుంది. గురువుగా నేను దీనిమీద ఎన్నోసార్లు ప్రసంగించాను. ప్రతిసారీ గోడ పడిన దగ్గర నా ప్రసంగం ముగిసేది. విశ్వాసులు సంతోషించేవారు, నేనూ సంతోషించేవాణ్ణి. గోడ పడిన తరువాత దాని కింద ఏముంటుందన్న ప్రశ్న, ఒక ఇంట్లో కాలు తట్టుకుని పడబోయేదాకా నాకు కలగలేదు. ఈ వారం ఆ సంగతే చెబుతాను. ఇంటివారి అనుమతితోనే వ్రాస్తున్నాను. ఊరూ పేర్లూ మాత్రం అడగవద్దు.

ఆ ఇల్లు తండ్రి కట్టించినది. ముందు పెద్ద హాలు, వెనుక గదులు. హాలంతా నాపరాళ్లు పరిపించాడు. సాయంత్రం జపమాలకు ఇంటిల్లిపాదీ ఆ బండల మీదనే మోకరించేవారు. తండ్రి పోయాక ఇద్దరు కొడుకులకు పొలం గట్టు దగ్గర మాట తేడా వచ్చింది. గట్టు మీది మాట ఇంట్లోకి వచ్చేసరికి పెద్దదయింది. హాలు మధ్యలో పన్నెండు అడుగుల పొడవున అర ఇటుక గోడ లేచింది. ఎవరి గుమ్మం వారిది, ఎవరి దీపం వారిది.

గోడ కట్టాక ఎవరి గచ్చు వారు మార్చుకున్నారు. పెద్దాయన పాత నాపరాళ్లను కదపకుండా వాటి మీదనే సిమెంటు బెడ్ వేయించి మొజాయిక్ టైల్స్ పరిపించాడు. అలా ఆయన వైపు రెండంగుళాలు ఎత్తు పెరిగింది. చిన్నాయన కొన్నేళ్ల తరువాత తన వైపు నాపరాళ్లన్నీ తవ్వి తీసి, అదే మట్టానికి రెండడుగుల నున్నటి టైల్స్ వేయించాడు. తీసిన బండలు పెరట్లో పేర్చి, రెండింటిని బట్టలుతకడానికి వేసుకున్నారు. గోడ ఉన్నన్నాళ్లూ ఈ తేడా ఎవరికీ తెలియదు. ఎవరి గదిలో వారికి నేల చదునుగానే ఉంది.

తల్లికి నెల వంతు. ఒక నెల పెద్దవాడి దగ్గర, ఒక నెల చిన్నవాడి దగ్గర. నెలాఖరున ఆమె తన బట్టల సంచీ, జపమాల, మందుల డబ్బా పట్టుకుని ఒక గుమ్మంలోంచి వీధిలోకి దిగి రెండో గుమ్మం ఎక్కేది. అది ఆమె కాపురానికి వచ్చిన ఇల్లే. వీధిలో వాళ్లు చూస్తారని చీకటి పడ్డాక బయలుదేరేదని నాకు తరువాత తెలిసింది.

ఇరవై ఏళ్ల పైచిలుకు అలా గడిచాక ఒక తపస్సుకాలంలో విచారణలో వడకం జరిగింది. అన్నదమ్ములిద్దరూ ఒకరికి తెలియకుండా ఒకరు పాపసంకీర్తనానికి వచ్చారు. అంతకుమించి నేను చెప్పకూడదు. ఉత్థాన పండుగ వెళ్లాక చిన్నాయన కూతురి పెళ్లి కుదిరింది. పందిరికి హాలు కావాలి. “గోడ తీసేద్దాం అన్నయ్యా” అన్నాడట తమ్ముడు. “తీసెయ్ రా, ఎప్పుడో తీయవలసింది” అన్నాడట అన్న. ఇరవై ఏళ్ల కథ రెండు మాటల్లో అయిపోయింది.

గోడ కొట్టేముందు తాపీమేస్త్రి ఒక పని చేశాడు. అది మనమూ గుర్తుంచుకోదగ్గది. పైకెక్కి గోడ మీద దూలం ఏదైనా ఆని ఉందా, శ్లాబు బరువు దాని మీద పడుతోందా అని చూశాడు. గోడలో కరెంటు వైర్లు పోతున్నాయా అని చూశాడు. అది తరువాత కట్టిన అడ్డుగోడే, ఇంటిని మోసేది కాదు అని తేల్చుకున్నాకే సుత్తి ఎత్తాడు. అన్ని గోడలూ పడగొట్టవలసినవి కావు. కొత్త దంపతుల గదికి గోడ ఉండాలి. వదినా మరదళ్ల వంటిళ్లకు నడుమ కూడా ఒక గోడ ఉంటే ఒక్కోసారి ప్రేమ నిలుస్తుంది. ఇది గురువు మాట కాదు, ముప్ఫై ఏళ్లుగా కుటుంబాల తగవులు విన్నవాడి మాట.

గోడ ఒక్క పూటలో పడిపోయింది. నన్ను పిలిచారు. పవిత్ర జలం చల్లాను, ఎఫెసీ లేఖలోని ఈ భాగమే చదివాను, బాగా మాట్లాడాననే అనుకున్నాను. కోడికూరతో భోజనం పెట్టారు. అన్నదమ్ముల నడుమ నన్ను నిలబెట్టి ఫొటో తీశారు. వచ్చేశాను. కాళ్ల కింద ఏముందో చూడలేదు.

మూడు నెలల తరువాత మొదటి శుక్రవారం ఆ తల్లికి దివ్యసత్ప్రసాదం ఇవ్వడానికి వెళ్లాను. పెద్దాయన గుమ్మంలోంచి ప్రవేశించి, దివ్యసత్ప్రసాదపు భరిణె గుండెకు ఆనించుకుని హాలు దాటుతున్నాను. మధ్యలో అడుగు పల్లంలో పడి ముందుకు తూలాను. ప్రభువు కాపాడారు. పక్కనున్న ఉపదేశిగారు భుజం పట్టుకున్నారు. వంగి చూస్తే గోడ ఉన్నచోట ఆరంగుళాల వెడల్పున గాడి. అందులో సున్నపు పెళ్లలు, ఇటుక పొడి, వాటి కింద తండ్రి వేయించిన పాత నాపరాళ్లు. అటు మొజాయిక్ అంచు కోసిన మెట్టులా ఉంది. దాని మీద ఒక గోనెసంచి, గోనె మీద ఒక చెక్కపలక. “చూసుకోండి ఫాదర్‌గారూ, మొన్న నేనూ అక్కడే పడ్డాను” అంది ఆ తల్లి. ఎడమ మణికట్టుకు కట్టు ఉంది. ఎనభై దాటిన మనిషి. తుంటి విరగలేదు, అంతే.

దివ్యసత్ప్రసాదం ఇచ్చాక అన్నదమ్ములను కూర్చోబెట్టి అడిగాను, ఇన్నాళ్లూ ఇది ఎందుకు బాగుచేయలేదని. డబ్బు లేక కాదు. పెళ్లికి లక్షలు ఖర్చు పెట్టారు. పెద్దాయన అన్నాడు, “నా గచ్చుకేమయింది ఫాదర్‌గారూ? చక్కగా ఉంది. వాడిదే పల్లంలో ఉంది, వాణ్ణి ఎత్తు పెంచుకోమనండి.” చిన్నాయన అన్నాడు, “మాది నాన్న వేసిన మట్టమే ఫాదర్‌గారూ. ఎత్తు పెంచింది అన్నయ్య. నేనెందుకు పగలగొట్టుకోవాలి?” ఇద్దరూ నిజమే చెప్పారు. ఇద్దరిలో ఒకరైనా అబద్ధమాడి ఉంటే నాకు పని తేలికయ్యేది.

ఇక్కడ కాస్త ఆగి, పౌలుగారు ఏ గోడను తలచుకుని వ్రాశారో చూద్దాం. యెరూషలేము దేవాలయంలో అన్యజనులు రాదగిన బయటి ఆవరణకూ, యూదులు మాత్రమే వెళ్లదగిన లోపలి ఆవరణలకూ నడుమ మూడు మూరల ఎత్తు రాతి అడ్డు ఉండేదని ఆ కాలపు యూదు చరిత్రకారుడు జోసెఫస్ వ్రాశాడు. దాని పొడవునా గ్రీకు, లాటిను భాషల్లో హెచ్చరిక పలకలు నిలిపారట. వాటిలో గ్రీకు పలక ఒకటి 1871లో యెరూషలేములో క్లెర్మోఁ గన్నో అనే ఫ్రెంచి పండితుడికి దొరికింది. ఇప్పుడది ఇస్తాంబూలు మ్యూజియంలో ఉంది. పరదేశి ఎవడైనా లోపలికి వచ్చి పట్టుబడితే వాడి చావుకు వాడే బాధ్యుడని దాని తాత్పర్యం. పౌలుగారిని దేవాలయంలో పట్టుకున్నది కూడా ఈ నేరం మోపే. ఎఫెసు పట్టణస్థుడైన త్రోఫిమును ఆయన లోపలికి తెచ్చాడని జనం అపోహపడ్డారు (అపోస్తలుల కార్యములు 21). ఆ పట్టణం పేరున ఉన్న లేఖలోనే గోడ మాట వచ్చిందంటే ఆశ్చర్యమేముంది? పౌలుగారు అన్నది ఈ రాతిగోడనేనా, లేక ధర్మశాస్త్రమనే కంచెనా అని వ్యాఖ్యాతల మధ్య చర్చ ఉన్నది. రెండూ ఒకదాని నీడలో ఒకటి ఉన్నవే కనుక నాకు ఆ చర్చలో ఇబ్బంది లేదు.

నా దృష్టిని లాగింది జోసెఫస్ వ్రాసిన ఇంకొక చిన్న వివరం. ఆ అడ్డు దాటాక లోపలి ఆవరణ అదే మట్టంలో లేదు. పద్నాలుగు మెట్లు ఎక్కాలి. అంటే రాతి అడ్డును తీసి పక్కన పెట్టినా, అన్యజనుడు నిలబడ్డ నేలా యూదుడు నిలబడ్డ నేలా ఒకటి కావు. ఎన్నిసార్లు ఆ పేజీ తిరగేశానో, ఆ మెట్లు నాకు కనబడలేదు. మొజాయిక్ అంచుకు కాలు తగిలాకే కనబడ్డాయి. ఇక ఆ రాతిగోడ నిజంగా కూలింది క్రీ.శ. 70లో, రోమీయుల చేతుల్లో, దేవాలయంతో సహా. అలా కూలిన గోడ ఎవరినీ ఎవరితోనూ కలపలేదు.

మా మేస్త్రి దగ్గరికి తిరిగి వద్దాం. గోడ కొట్టినవాణ్ణే మళ్లీ పిలిపించాను. అతను సన్నని పైపులో నీళ్లు నింపి రెండు వైపులా మట్టం పట్టి చూశాడు. సరిగ్గా రెండంగుళాల తేడా. నేను తేలిగ్గా అన్నాను, “గాడిలో సిమెంటు నింపి జారుగా పూసెయ్యరాదూ?” అతను నవ్వాడు. “పూయొచ్చు ఫాదర్‌గారూ. రెండు నెలలు ఉంటుంది. గోడ ఆరంగుళాలు. ఆరంగుళాల్లో రెండంగుళాలు దిగితే అది జారు కాదు, జారుడుబండ. పైగా కింద దుమ్ము, సున్నపు పెళ్లలు ఉన్నాయి. కొత్త సిమెంటు దుమ్మును పట్టుకోదు. ఆరేటప్పుడు కుంచించుకుని రెండంచులా చీలుతుంది. పల్చటి అంచు ముందు లేచిపోతుంది. మళ్లీ అమ్మగారి కాలికి అదే తగులుతుంది.”

“అయితే మధ్యలో నల్లరాయి పట్టీ ఒకటి గడపలాగా వేస్తే?” అన్నాడు పెద్దాయన. “అది గోడకు పిల్ల అవుతుంది బాబుగారూ” అన్నాడు మేస్త్రి. నేను పుస్తకాల్లో చదివిన ఏ వ్యాఖ్యానమూ ఇంత పొట్టిగా లేదు. మొత్తం హాలు తవ్వి ఒకే రకం రాయి వేయడం మూడో దారి. దానికి ఇద్దరూ ఒప్పుకోలేదు, ఖర్చూ ఎక్కువే. పైగా బాగున్న గచ్చును ఒకటిగా కనబడడానికే పగలగొట్టడం నాకూ నచ్చలేదు.

మేస్త్రి లెక్క ఇదీ. అంగుళం ఎత్తుకు అడుగు పొడవు జారు ఉండాలి. చేతికర్రతో నడిచేవారికైనా, రేపు చక్రాల కుర్చీ వచ్చినా, అంతకన్నా నిటారుగా ఉండకూడదు. రెండంగుళాలకు రెండడుగులు కావాలి. గోడ ఇచ్చేది ఆరంగుళాలే. మిగిలింది ఎవరో ఒకరి గచ్చులోంచి రావాలి. చిన్నాయన వైపు పెంచుదామంటే, గోడకు ఆనుకునే తల్లి పడుకునే గది తలుపు ఉంది. అది హాల్లోకే తెరుచుకుంటుంది. నేల లేస్తే రెక్క తగులుతుంది. ఆ నున్నటి టైల్స్‌లో ఒకటి పగిలినా ఆ రకం ఇప్పుడు బజారులో దొరకదు. పెద్దాయన వైపు మొజాయిక్ పది అంగుళాల బిళ్లలు. రెండు వరసలు తీస్తే ఇరవై, గోడ ఆరు, మొత్తం ఇరవై ఆరు అంగుళాలు. సరిపోతుంది. “ఎత్తు పెంచితే తలుపుకు తగులుతుంది. ఎత్తు తగ్గిస్తే ఎవరికీ తగలదు బాబుగారూ” అన్నాడు పెద్దాయనతో.

పెద్దాయన ముఖం మాడిపోయింది. “అంటే నేనే పగలగొట్టుకోవాలన్నమాట” అన్నాడు. ఎవరూ మాట్లాడలేదు. నేను కూడా. ప్రసంగం చేయడానికి అది మంచి సమయమే కాని, నోరు రాలేదు.

ఇంటికి వచ్చి అపోస్తలుల కార్యములు 15వ అధ్యాయం తీశాను. సున్నతి లేకుండా రక్షణ లేదని కొందరు పట్టుబట్టినందువల్ల యెరూషలేములో అపోస్తలులూ పెద్దలూ సమావేశమయ్యారు. ఎత్తున ఉన్నవారు ఎవరు? యూదుల నుంచి వచ్చిన విశ్వాసులు. వాగ్దానాలు వారివి, ప్రవక్తలు వారివారు, ధర్మశాస్త్రం వారిది. వారి నేల నిజంగానే ఎత్తయినది, అందులో గర్వమేమీ లేదు. అయినా దిగింది వారే. తమ పితరులు గానీ తాము గానీ మోయలేని కాడిని కొత్తవారి మెడ మీద ఎందుకు పెట్టాలని పేతురుగారే లేచి అడిగారు. కిందివారిని వారున్నచోటే వదిలేశారా? లేదు. విగ్రహాలకు అర్పించినవీ, రక్తమూ, గొంతు పిసికి చంపినవీ, వ్యభిచారమూ మానమని కోరారు. ఒకే బల్ల దగ్గర కూర్చోవడానికి ఎంత అవసరమో అంతే. పైవారు రెండు వరసలు తీసేశారు, కిందివారు ఒక అడుగు ఎక్కారు.

కాని అదే పేతురుగారు అంతియొకయలో ఏం చేశారో పౌలుగారు గలతీయులకు వ్రాసిన లేఖ రెండవ అధ్యాయంలో దాచకుండా చెప్పారు. మొదట అన్యజనులతో కలిసి భోజనం చేస్తూ ఉండేవారు. యాకోబుగారి దగ్గర నుంచి కొందరు వచ్చేసరికి జంకి, మెల్లగా వెనక్కి తగ్గారు. ఆయన గోడ కట్టలేదు. ఒక్క మాట విరుద్ధంగా బోధించలేదు. బల్ల మార్చుకున్నారు, అంతే. మేస్త్రి భాషలో గడప వేశారు. పౌలుగారు ముఖాముఖిగా ఎదిరించారు. మంచివారు భయపడినప్పుడు గోడలు కట్టరు, గడపలు వేస్తారు. పేతురుగారి మీద నాకు కోపం లేదు. అందరూ చూసేచోట నేను ఎవరి పక్కన కూర్చుంటానో నాకు తెలుసు.

మన విచారణల మాట కూడా ఒకటి చెప్పకపోతే ఇది సగం మాట అవుతుంది. మన శ్రీసభలో కులం పేరున ఉన్న గోడలు ఒక్కొక్కటీ పడుతున్నాయి. 2016 డిసెంబరులో భారత కతోలిక పీఠాధిపతుల సమాఖ్య దళితుల సాధికారతపై విధానపత్రం వెలువరించి, శ్రీసభ లోపలే వివక్ష ఉన్నదని ఒప్పుకున్నది. 2022 ఆగస్టు 27న హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల అంతోనిగారు కార్డినల్ అయ్యారు. దళితుల నుంచి వచ్చిన మొదటి కార్డినల్ ఆయన, తెలుగువారిలోనూ మొదటివారు. ఆ రోజు మనమందరం చప్పట్లు కొట్టాం, స్వీట్లు పంచాం. గోడ పడిన రోజు ఫొటో దిగినట్టే. మరి పండుగ నాడు తేరు ఏ వీధి దాకా వెళ్లి తిరిగి వస్తుంది? వీధి ఇరుకు అంటాం. కరెంటు తీగలు అడ్డం అంటాం. నిజమే కావచ్చు, ఆ అన్నదమ్ములూ నిజమే చెప్పారు. విచారణ సంఘంలో ఎవరి మాట మినిట్స్ పుస్తకంలో చేరుతుంది, ఎవరు కుర్చీలు సర్దుతారు? ఇక్కడ గోడ ఏదని అడిగితే చూపించలేం. గోనెసంచి కప్పి, మీద పలక వేసి ఉంచాం. తట్టుకుని పడేది ఎప్పుడూ ముసలివాళ్లు, పిల్లలు, కొత్తగా వచ్చినవాళ్లు. అలవాటైనవాళ్లు చూడకుండానే కాలెత్తి దాటేస్తారు.

ఆగమనకాలంలో యెషయా ప్రవక్త 40వ అధ్యాయం చదువుకుంటాం. ప్రభువు రాకకు బాట వేసేటప్పుడు లోయలు పూడాలనీ, కొండలు తగ్గాలనీ ఆ ప్రవచనం. పూడ్చడం మనకు ఇష్టం. దానంలో అదొక రకం. క్రిస్మస్‌కు చీరలు పంచుతాం, బియ్యం పంచుతాం, పల్లంలో మన్ను పోస్తాం. తగ్గడం అన్న సగం మాత్రం చెవి దాటిపోతుంది. తగ్గించుకున్నవారిని గురించే పౌలుగారు ఫిలిప్పీయులకు వ్రాసిన లేఖలో చెప్పారు, దేవునితో సమానతను పట్టుకుని వేలాడక దాసుని రూపం దాల్చిన క్రీస్తును గురించి. పరలోకం నుంచి పశువుల పాక దాకా దిగినవారు, మనల్ని ముందు మీరు ఎక్కి రండి అని అడగలేదు.

పెద్దాయన సంగతికి వస్తాను. రెండు వారాలు ఆయన ఏ మాటా చెప్పలేదు. ఆదివారం పూజలో దివ్యసత్ప్రసాదానికి వచ్చినా నా ముఖం చూడకుండా వెళ్లేవాడు. అసలు ఇబ్బంది ఏమిటో మేస్త్రి కనిపెట్టాడు. ఆ రెండు వరసల మీద పెద్దాయన పడక కుర్చీ ఉంది. గోడకు ఆనించి వేసుకున్న కుర్చీ. గోడ పోయినా అది అక్కడే నిలిచింది. పొద్దున పేపరు, రాత్రి టీవీ, వచ్చిపోయేవారితో మాటలు, అన్నీ అందులో కూర్చునే. జారు మీద కుర్చీ నిలవదు. ఇరవై ఏళ్లుగా ఆయన ఆ ఇంటికి పెద్దగా కూర్చున్న చోటు అది. నాకు మొదట నవ్వొచ్చింది, తరువాత నా పీఠం పక్కనున్న కుర్చీ గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది.

ఒక ఆదివారం రెండవ పూజ తరువాత ఉపదేశిగారు వచ్చి, “కుర్చీ వసారాలోకి వచ్చింది ఫాదర్‌గారూ” అన్నారు. ఎవరు చెప్పారు, ఏం జరిగింది అని నేను అడగలేదు. తల్లి రాత్రిళ్లు బాత్రూముకు వెళ్లేటప్పుడు గాడి దగ్గర నిలబడి, కర్రతో తడిమి తడిమి కాలు వేస్తుంటే ఆయన మంచం మీద నుంచి చూసేవాడట. కోడలు తరువాత మా మఠవాసినులతో అన్న మాట ఇది.

పని నాలుగు రోజులు పట్టింది. గోడ కూల్చడానికి ఒక్క పూట పట్టిందని ముందే చెప్పాను. రెండు వరసల మొజాయిక్ బిళ్లలు ఉలితో ఒక్కొక్కటే లేపారు. సగం పైగా పగలకుండానే వచ్చాయి. గాడిలోని సున్నపు పెళ్లలు, దుమ్ము ఊడ్చి కడిగారు. అడుగున తండ్రి వేయించిన నాపరాళ్లను కూడా లేపి, నేల తవ్వి, తడిపి, దిమ్మిస కొట్టి, సన్న కంకరతో బెడ్ వేశారు. అంత లోతు ఎందుకని నేనడిగితే మేస్త్రి చెప్పాడు, “కింది అంచు దగ్గర బండ మందం నేలలోకి దిగాలి ఫాదర్‌గారూ. పైన పెట్టి అతికిస్తే అంచు నిలవదు.”

జారు మీద ఏ రాయి వేయాలన్నది మళ్లీ ప్రశ్న. చిన్నాయన పాలిష్ చేసిన గ్రానైట్ తెస్తానన్నాడు, అన్నకు మర్యాదగా ఉంటుందని. మేస్త్రి వద్దన్నాడు. వాలు మీద నునుపు పనికిరాదు, తడికాలు జారుతుంది. గరుకు రాయి కావాలి. అప్పుడు చిన్నాయన పెరట్లోకి వెళ్లి, ఇరవై ఏళ్లుగా పేర్చి ఉన్న తండ్రి నాపరాళ్లు మోసుకొచ్చాడు. బట్టలుతికే బండలు రెండూ కూడా కడిగి తెచ్చాడు. చాలనివి గాడిలోంచి తీసినవే సరిపోయాయి. బండల కింద సిమెంటు పాలు పోసి, ఒక్కొక్కటీ పరిచాక మేస్త్రి సుత్తి పిడితో తట్టి విన్నాడు. డొల్ల శబ్దం వచ్చిన బండ ఒకటి మళ్లీ లేపాడు. అటు మొజాయిక్‌కూ ఇటు టైల్స్‌కూ ఆనుకునే చోట సన్నని సందు వదిలాడు. మూడు రకాల రాళ్లు, ఎండకు వానకు ఒకేలా సాగవు, కుంచించుకోవు. బిగించి అతికిస్తే ఏదో ఒకటి పగులుతుందట. ఆ సందును మెత్తటి లప్పంతో నింపాడు.

అందంగా ఉందని చెప్పను. అటు చుక్కల మొజాయిక్, ఇటు తెల్లని మెరుపు, మధ్యలో బూడిదరంగు పాత బండలు. చూడవచ్చినవారు ఇదేమిటని అడుగుతారు. ఆ ఇంటివారు ఇప్పుడు అలవాటుగా చెబుతారు, అది నాన్నగారి గచ్చని.

వారం రోజులు దాని మీద ఎవరూ నడవకూడదన్నాడు మేస్త్రి. పూటపూటా నీళ్లు చల్లి తడిగోనె కప్పి ఉంచారు. ఒక పూట పెద్దాయన మనవడు చల్లాడట, ఒక పూట చిన్నాయన కొడుకు. ఆ వారం తల్లి ఉన్నచోటే ఉంది. గోడ ఉన్న రోజుల్లో లాగా వీధి తిప్పి తీసుకువెళ్దామంటే ఆమె ఒప్పుకోలేదు. వారం ఆగుతానంది.

తరువాతి మొదటి శుక్రవారం నేను వెళ్లాను. ఈసారి నేల చూస్తూనే నడిచాను. దివ్యసత్ప్రసాదం ఇచ్చి, రోగుల ప్రార్థన చెప్పి, లేచేముందు మామూలుగా అడిగే మాటే అడిగాను, “ఈ నెల ఎవరి వంతమ్మా?”

ఆమె కర్రను అటు ఒకసారి, ఇటు ఒకసారి చూపించి, కొంచెం ఆలోచించి, “లెక్క తప్పింది ఫాదర్‌గారూ” అంది.